సాహసనటుడు డగ్లస్ ఫెయిర్‌బాంక్స్

జానపద చలనచిత్రములను చూడనివారు మీలో మిక్కిలి తక్కువగా నుందురు. రాజభటులు నలుదెసల చుట్టుముట్టగా కథానాయకుడు పైనుండి వ్రేలాడు గొలుసును పట్టుకొని ఊగి, అవతలి గోడమీదికి ఉరికి, ఒకసారి వెనుదిరిగి నవ్వి మాయమగును. 1951వ సంవత్సరమున విడుదలయైన ‘పాతాళభైరవి’లో తోటరాముడు చేసిన సాహసములను మీ తాతలు ఇప్పటికిని కథలుగా చెప్పుచుందురు. నా చిన్నతనమున మా యూరికి ఏటేట డేరా సినిమా వచ్చుచుండెను. అట్టి చిత్రము నాడిన మరునాడు ఊరిలోని పిల్లలమందఱము జనుపకట్టెలను కత్తులుగా ధరించి గడ్డివాములపైనుండి దుముకుచుంటిమి. నేనును దుమికితిని, మోచేయి విరుగగొట్టుకొంటిని. వెండితెరపై నిట్లు దుముకుటను ఒక కళగా తీర్చి లోకమునకు చూపినవారిలో మొదట చెప్పదగినవాడు డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ అను అమెరికా నటుడని నాకు చాల కాలమునకు గాని తెలియలేదు. ఆ దుముకుల వెనుక ఎంతటి లెక్క దాగియున్నదో అప్పుడే తెలిసికొంటిని. నా మోచేతి కప్పటికే ఆలస్యమైనది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొలరాడో యను రాష్ట్రము కలదు. దాని ముఖ్యపట్టణమగు డెన్వరులో 1883వ సంవత్సరము మే నెల 23వ తేదీన డగ్లస్ జన్మించెను. తండ్రి ఉల్మన్ అను న్యాయవాది. డగ్లసునకు రాబర్టు అను అన్న యొకడు గలడు. పిల్లవానికి ఐదేండ్ల ప్రాయమున తండ్రి భార్యాబిడ్డలను విడిచి యెటకో వెడలిపోయెను. దిక్కులేక మిగిలిన ఆ తల్లి, గతించిన తన మొదటి భర్త యింటిపేరగు ఫెయిర్‌బాంక్స్ అను పేరును మరల ధరించి, పిల్లలకును దానినే పెట్టెను. లోకమంతయు ఎఱిగిన యా పేరు కన్నతండ్రిది కాదు. ఈ సంగతిని మీరు గుర్తుంచుకొనవలెను. దీనితో మరల పని కలదు.

బాల్యమున డగ్లస్ చెట్టును గాని, ఇంటి కప్పును గాని చూచినచో ఎక్కక మానెడివాడు కాడు. చదువుపై అంత శ్రద్ధ కానరాలేదు. అయితే పద్యములను, నాటకములలోని ఘట్టములను కంఠస్థము చేసి అభినయించుటలో మాత్రము అతనికి సాటి లేకుండెను. అప్పటిలో ఫ్రెడరిక్ వార్డ్ అను ప్రసిద్ధనటుడు తన సమాజముతో ఊరూర షేక్‌స్పియరు నాటకముల నాడుచుండెను. డగ్లస్ అతని బృందమున చేరి చిన్న చిన్న పాత్రలు ధరించి, పిదప న్యూయార్కు నగరము చేరి, 1902లో అచ్చటి బ్రాడ్వే రంగస్థలముపై నిలిచెను. 1907లో ఒక ధనికుని కుమార్తెయగు బెత్ సల్లీని వివాహమాడెను. అల్లుడు నాటకములాడుట మామగారికి రుచింపలేదు. మామగారి మాట కాదనలేక డగ్లస్ కొన్నాళ్లు సబ్బుల వ్యాపారము చేసెను. సబ్బు అమ్ముటలో ఎంత నేర్పు చూపెనో గాని, అనతికాలములోనే మరల రంగస్థలమునకు వచ్చి పడెను. 1909లో అతనికి కుమారుడు గలిగెను. ఆ బాలునికిని డగ్లస్ అనియే పేరు పెట్టిరి.

1915లో అతడు చలనచిత్రములలో ప్రవేశించెను. ఆ కాలమున సినిమాకు మాట లేదు. బొమ్మ కదలును, నడుమనడుమ అక్షరములు తెరపై కనుపించును, అంతియే. మాట లేని యాటలో శరీరమే మాటలాడవలెను. ఫెయిర్‌బాంక్స్ దేహమునకు ఆ విద్య పుట్టుకతో వచ్చినది. గదిలోనికి వాకిటినుండి రావలసిన చోట కిటికీ దూకి వచ్చును. మెట్లు దిగవలసిన చోట కమ్మీపై జాఱి దిగును. మొదట కొందఱు దీని నొక అల్లరిగా తలచిరి. అనీటా లూస్ అను యువరచయిత్రి మాత్రము ఆ యల్లరియే అతని విద్యయని కనిపెట్టి, దానికి తగిన హాస్యకథలను వ్రాసి యిచ్చెను. రెండేండ్లు తిరుగకమునుపే అతడు అమెరికాలో అందఱికన్న ఎక్కువ జనాదరణ గల నటులలో ఒకడయ్యెను.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1918లో, అతడును, హాస్యనటుడు చార్లీ చాప్లినును, మేరీ పిక్‌ఫర్డ్ అను నటీమణియు ప్రభుత్వ యుద్ధఋణపత్రములను విక్రయించుటకు దేశము తిరిగిరి. న్యూయార్కులో కిక్కిఱిసిన జనసమూహము నడుమ ఫెయిర్‌బాంక్స్ చాప్లినును భుజములపై నెక్కించుకొని నిలిచెను. ఆ నాటి ఛాయాచిత్రము నేటికిని ఉన్నది. మరుసటి యేడు, అనగా 1919లో, ఈ మువ్వురును, దర్శకుడు డి. డబ్ల్యూ. గ్రిఫిత్తును కలిసి ‘యునైటెడ్ ఆర్టిస్ట్స్’ అను సంస్థను స్థాపించిరి. పెద్ద చిత్రసంస్థలన్నియు ఏకమై నటుల ప్రతిఫలములను తగ్గించునను భయము నాడు బలముగా నుండెను. తమ చిత్రములను తామే నిర్మించి, తామే పంపిణీ చేసికొనుటకు వీరు చేసిన యేర్పాటిది. దానితో లాభమును అతనిదే, నష్టమును అతనిదే యయ్యెను. బెత్ సల్లీతో అతని వివాహబంధము అంతకుముందే తెగిపోయినది. 1920లో అతడు మేరీ పిక్‌ఫర్డును పెండ్లాడెను. జనులు తమను వెలివేయుదురేమో యని వారు భయపడిరి. కాని యూరపు పోయినప్పుడు వారిని చూచుటకు లండనులో వీధులు పట్టనంతమంది మూగిరి.

అప్పటివరకు అతడు ధరించినవి చాలవఱకు నేటి మనుష్యుల వేషములే. పూర్వకాలపు కథలు చూచుటకు జనులు రారని చిత్రవ్యాపారులు నమ్ముచుండిరి. ఫెయిర్‌బాంక్స్ 1920లో ‘ది మార్క్ ఆఫ్ జోరో’ అను చిత్రమును తీసెను. కాలిఫోర్నియాలో స్పెయిను దేశస్థుల కాలమునాటి కథ యిది. పగలు ఆవులించుచు తిరుగు సోమరియైన ధనికయువకుడొకడు. రాత్రి నల్లని ముసుగు ధరించి గుఱ్ఱమెక్కి పేదలను పీడించు అధికారులను శిక్షించు వీరుడొకడు. ఇద్దఱును ఒక్కడే యని చూచువారికి తెలియును. కథలోని వారికి తెలియదు. ఆ వినోదమునకు జనులు పరవశించిరి. ముసుగు ధరించి రెండు బ్రతుకులు బ్రతుకు వీరుల కథలు తరువాత ఎన్ని పుట్టినవో మీరే ఎఱుగుదురు. ఈ విజయముతో ధైర్యము వచ్చి, 1921లో అతడు ‘ది త్రీ మస్కటీర్స్’లో డార్టాన్యా యను ఖడ్గవీరుని పాత్ర ధరించెను. అప్పటికి అతని వయస్సు ముప్పదియెనిమిది. ఇతరులు దుముకుట మానుకొను వయస్సున అతడు నిజమైన దుముకులు ఆరంభించెను.

1922లో ‘రాబిన్ హుడ్’ చిత్రమునకై బ్రహ్మాండమైన కోట నొకదానిని కట్టించిరి. అతడు ఊరిలో లేనప్పుడు పని నడచినది. తిరిగి వచ్చి ఆ గోడల యెత్తును చూచి ఫెయిర్‌బాంక్స్ దిగాలుపడెను. ఇంత కోట ముందు మానవుడు చీమవలె కనుపించును గాని వీరునివలె కనుపించునా యని సందేహించి, చిత్రమునే మానుకొనుటకు సిద్ధపడెను. దర్శకుడు అలన్ డ్వాన్ ఏమియు వాదింపలేదు. అతనిని కోటలోనికి కొనిపోయి, ఎత్తైన వసారానుండి నేలవఱకు వ్రేలాడుచున్న పెద్ద తెరను చూపెను. ఆ తెర వెనుక, పిల్లలు ఆడుకొను జాఱుడుబల్ల వంటిదానిని ఎవరికిని కనబడకుండ అమర్చియుంచిరి. శత్రువులు రెండువైపుల మూసినవేళ రాబిన్ హుడ్ ఆ తెరపై జాఱి క్షణములో క్రిందికి దిగిపోవచ్చును. ఫెయిర్‌బాంక్స్ ఎక్కి జాఱెను. మరల ఎక్కి మరల జాఱెను. అంతటితో కోటపై భయము పోయెను.

అతని కళలోని కీలకమంతయు ఈ జాఱుడుబల్లలోనే యున్నదని నా యభిప్రాయము. అతని అన్న రాబర్టు ఇంజనీరు. చిత్రశాలలోని యంత్రోపాయములను అతడే చూచుచుండెను. అతడు దుముకవలసిన బల్ల యెత్తును అతని కాలి బలమునకు సరిపోవునట్లు కొలిచి చేయుదురు. ఎక్కవలసిన గోడలో చేతికి, కాలికి పట్టు దొరకు గుంటలను కెమెరాకు కానరాకుండ చెక్కుదురు. ఏ యడుగు ఎక్కడ పడవలెనో ముందే నిర్ణయించి, మరల మరల సాధకము చేయుదురు. ఆయాసము ముఖమున ఏమాత్రము కనబడరాదు. కనబడినచో ఆ దుముకును మరల చిత్రింపవలసినదే. మిక్కిలి అపాయకరములైన కొన్ని తావుల అతనికి బదులుగా వేఱొకరు దుమికిన మాటయు నిజమే. కాని ప్రేక్షకుడు చూచిన ఆ సుఖమైన నవ్వు మాత్రము అతనిదే. కష్టపడి చేసిన పని కష్టము లేకుండ చేసినట్లు కనుపింపవలెనని అతని పట్టుదల. గడ్డివామునుండి దుమికిన మాకు ఆ సంగతి ఎవరును చెప్పలేదు.

అతని చిత్రములలో నా కెక్కువ ఇష్టమైనది 1924లో వచ్చిన ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’. దర్శకుడు రావుల్ వాల్ష్. విలియమ్ కామెరాన్ మెన్జీస్ అను చిన్నవయస్సు కళాకారుడు ఆరెకరములకు పైగా స్థలమున బాగ్దాదు నగరమును సృష్టించెను. మేడలు మేఘములలో తేలుచున్నట్లు కనుపించుటకై నేలను అద్దమువలె మెఱయునట్లు తీర్చిరి. వ్యయము పది లక్షల డాలర్లను మించెను. ఆ కాలమున అది ఊహకందని మొత్తము.

కథ యిది. అహ్మదు అను దొంగకు దేవుడన్న భయము లేదు, చట్టమన్న లెక్క లేదు. కోరినదానిని దొంగిలించుటే యెఱుగును. అతడు అంతఃపురమున దొంగతనమునకు పోయి, నిదురించుచున్న రాజకుమార్తెను చూచి మనసు మార్చుకొనెను. రాకుమారుడనని బొంకి ఆమె ప్రేమను పొంది, పిదప సిగ్గుపడి తాను దొంగనని ఒప్పుకొనెను. అటుపై మువ్వురు రాకుమారులు అపూర్వవస్తువుల కొఱకు బయలుదేఱిరి. ఒకనికి ఎగురు తివాచీ, ఒకనికి దూరపు సంగతులు చూపు స్ఫటికము, ఒకనికి చచ్చినవారిని బ్రతికించు పండు లభించెను. అహ్మదు అగ్నిలోయను, ఘోరమృగములను, సముద్రగర్భమును దాటి, రెక్కల గుఱ్ఱముపై తిరిగివచ్చి, పిడికెడు మాయాచూర్ణమును నేలపై చల్లి సైన్యమునే మొలిపించెను. మన కాశీమజిలీ కథలు చదివినవారికి ఇదియంతయు బంధువుల యిల్లువలె తోచును.

ఈ చిత్రములో దొంగ ఒక కూజానుండి మఱొక కూజాలోనికి బంతివలె ఎగురుచు పోవును. కూజాలలో అతనిని పైకి ఎగురవైచు గుడ్డవలలను బిగించి యుంచిరి. తివాచీ ఎగురుటకు దానిని ఉక్కు తీగలతో ఎత్తైన యంత్రమునకు కట్టి, జనసమూహము తలలపైనుండి లాగిరి. పారసీక రాకుమారుని పాత్రను ధరించినది ఒక స్త్రీ. మోసపు దాసి వేషము వేసిన ఆనా మే వాంగ్, లాస్ ఏంజిలిసులో పుట్టిన చీనా సంతతి బాలిక. చిత్రము తీయునాటికి ఆమెకు పందొమ్మిదేండ్లైనను నిండలేదు. ఇంకొక చమత్కారము. ఈ కథను వ్రాసినవాడు ఎల్టన్ థామస్ అని తెరపై కనుపించును. అట్టివా డెవడును లేడు. డగ్లస్ ఎల్టన్ థామస్ ఉల్మన్ అనునది ఫెయిర్‌బాంక్స్ పూర్తి జన్మనామము. తండ్రి యింటిపేరును మాత్రము విడిచి, నడిమి పేర్లతో అతడు కథలు వ్రాసెను.

ఈ చిత్రములు మన దేశమునను విశేషముగా ఆడినవి. కత్తియుద్ధములలో పేరుమోసిన మాస్టర్ విఠల్ అను నటుని భారతదేశపు ఫెయిర్‌బాంక్స్ అని పిలిచిరి. బొంబాయిలోని వాడియా సోదరులు ఫెయిర్‌బాంక్స్ చిత్రములపై మిక్కిలి మక్కువ గలవారు. 1935లో వారు తీసిన ‘హంటర్‌వాలీ’లో నాడియా అను వనిత ముసుగు ధరించి, కొరడా చేబూని, పీడితులను కాపాడు వీరాంగనగా ప్రసిద్ధికెక్కెను. తరువాతి కాలపు మన తెలుగు జానపద చిత్రములు తమ కథలను మన యవ్వల కథలనుండియే తెచ్చుకొన్నవి. కాని మేడ యెక్కి దిగు వీరుని నవ్వును చూచినప్పుడు ఆ పాత మూగచిత్రములు నాకు గుర్తు వచ్చుచునే యుండును.

1925లో ఒక చిత్రమునకై అతడు కొరడా విద్యను పట్టుదలతో సాధించెను. 1926లో ‘ది బ్లాక్ పైరేట్’ అను ఓడదొంగల కథను ఆద్యంతము రంగులలో తీసెను. నాటి రంగుల విధానమున ఎఱుపు, ఆకుపచ్చ చాయలు మాత్రమే పలుకును. పాత చిత్రలేఖనములలోని మెత్తని వర్ణములు రావలెనని నెలల తరబడి పరీక్షలు జరిపించిరి. ఇందులోనే అతడు కొయ్యపైనుండి తెరచాపలో కత్తి గ్రుచ్చి, అది బట్టను చీల్చుచు దిగుచుండగా దాని పిడి పట్టుకొని ఓడతలమునకు జాఱును. నిజమైన తెరచాపపై ఈ పని యెవడైన చేయబూనినచో క్రింద పడి ఎముకలు విఱుగగొట్టుకొనును. ఇచ్చట తెరచాపను వాలుగా నిలిపి, కత్తికి కనబడని త్రాడును, బరువును కట్టిరి. ఉపాయము తెలిసి చూచినను ఒడలు పులకరించును.

1927లో స్థాపితమైన అమెరికా చలనచిత్ర అకాడమీకి అతడే మొదటి అధ్యక్షుడు. నేడు ఆస్కార్లని పిలుచు బహుమతులను 1929 మే 16న మొదటిసారి పంచిపెట్టినవాడును అతడే. ఆ కార్యక్రమము పావుగంటలో ముగిసినదట.

ఆ యేడే రెండు శత్రువులు అతనిని చుట్టుముట్టినవి. ఒకటి వయస్సు; నలుబదియాఱేండ్లు నిండుచుండెను. రెండవది మాట. టాకీలు వచ్చినవి. శబ్దమును పట్టు యంత్రము నటుని ఒకచోట నిలువుమని శాసించెను. కెమెరాను దాని చప్పుడు వినబడకుండ పెట్టెలో బంధించిరి. శరీరముతో మాటలాడినవానికి అంతకన్న చెఱ లేదు. ఆ సంధికాలమున అతడు ‘ది ఐరన్ మాస్క్’ అను చిత్రము తీసెను. డార్టాన్యాయే మరల కథానాయకుడు, అయితే ముసలివాడు. అందులో మిత్రులు ఒక్కరొక్కరుగా నేలకొఱుగుదురు; కడకు డార్టాన్యాయు వెన్నుపోటుకు పడిపోవును. అప్పుడు చనిపోయిన స్నేహితులు మేఘములలో నిలిచి అతనిని పిలుచుదురు. అతడు పడుచువానివలె లేచి వారిని కలిసికొనును. ఇన్నేండ్లుగా తన సాహసచిత్రములలో ఎన్నడును ఓడని వీరుడు మరణించుట ప్రేక్షకులు మొదటిసారి చూచిరి. ఆ తరహా చిత్రమును అతడు మరల తీయలేదు. తాను దేనికి వీడ్కోలు చెప్పుచున్నాడో అతడు బాగుగా ఎఱిగియుండెనని నేను నమ్ముదును.

పిమ్మట జరిగినది చెప్పుటకు నాకు మనసొప్పదు గాని చెప్పక తప్పదు. మేరీతో కలిసి నటించిన టాకీ అంతగా రాణింపలేదు. అతనికి ఇంట కాలు నిలువదయ్యెను. దేశముల వెంట తిరిగెను. 1931లో మన దేశమును చూచి పోయెను. 1934లో చివరి చిత్రము. 1936లో మేరీతో వివాహబంధము తెగిపోయెను. ఆ యేడే మఱొక స్త్రీని పెండ్లాడెను. బయటికి దేహదార్ఢ్యమునకు మాఱుపేరైన ఆ మనుష్యుడు సిగరెట్లు విడువక కాల్చుచుండెను. 1939 డిసెంబరు 12న గుండెపోటు వలన మరణించెను. అప్పటి కతని వయస్సు ఏబదియాఱు. మరుసటి యేడు అకాడమీ అతని పేర ప్రత్యేక గౌరవబహుమతి ప్రకటించెను.

ఇక అతని కుమారుని మాట. తండ్రి విడిచిపోయిన బాధ యెట్టిదో ఎఱిగిన ఫెయిర్‌బాంక్స్, తన కొడుకును దగ్గఱకు తీసికొనవలసిన దినములలో తీసికొనలేదు. తల్లితో పెరిగిన ఆ బాలుడు పదమూడేండ్ల ప్రాయముననే నటుడగుటకు పూనుకొనగా తండ్రికి కోపము వచ్చెను. వెండితెరపై అంతమందిని రక్షించినవాడు ఇంటిలో ఇట్లుండుట వింతగా తోచును. గొప్పవారి జీవితములను వ్రాయువారు ఇట్టివానిని దాచుట నాకు సమ్మతము కాదు. కుమారుడు పెద్దవాడై, తన ప్రజ్ఞచేతనే పేరు తెచ్చుకొన్న పిదప, తండ్రి కడపటి యేండ్లలో ఇరువురును స్నేహితులైరి. 1947లో కుమారుడు సింద్‌బాదు వేషము ధరించి తండ్రివలెనే గోడల నెక్కి దుమికెను.

1952లో ‘ది ఐరన్ మాస్క్’ను మరల విడుదల చేసినప్పుడు తెరపై అక్షరములను తీసివేసి, కథను వినిపించుటకు ఒక కంఠమును చేర్చిరి. ఆ కంఠము కుమారునిది. హాలీవుడ్డు శ్మశానవాటికలో నిడుపాటి కొలనొకటి కలదు. దాని కొసను డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ సమాధి యున్నది. 2000వ సంవత్సరమున తొంబదియవ యేట మరణించిన కుమారుని కూడ అందులోనే తండ్రి ప్రక్కన ఉంచిరి.